నిప్పు పెట్టిన ప్రతివాడూ పైరోమేనియాక్ కాడు

1987 జనవరి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, బేకర్స్‌ఫీల్డ్ పట్టణం. చేతిపనుల సామాన్లు అమ్మే ఒక దుకాణంలో ఎండుపూలు పెట్టిన చోట మంట లేచింది. పెద్దది కాకముందే ఆర్పేశారు. అగ్నిమాపక శాఖ కెప్టెన్ మార్విన్ కేసీ ఆ బూడిదను నెమ్మదిగా కదిపి చూశాడు. ఒక సిగరెట్ ముక్క, కొన్ని అగ్గిపుల్లలు, వాటికి చుట్టిన పసుపు రంగు గీతల కాగితం బయటపడ్డాయి. కాగితం పూర్తిగా కాలలేదు. మిగిలిన ముక్క మీద ఒక వేలిముద్ర ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే దగ్గర్లోని ఫ్రెస్నో నగరంలో ఒక సదస్సు జరిగింది. ఆ సదస్సుకు వచ్చినవాళ్లంతా అగ్నిప్రమాదాల మీద దర్యాప్తు చేసే అధికారులే. అక్కడి నుంచి దక్షిణంగా వెళ్లే రహదారి పొడవునా ఊరి తర్వాత ఊరిలో దుకాణాలు అంటుకున్నాయి. నిప్పు పెడుతున్నది సదస్సుకు వచ్చినవాళ్లలో ఒకడేనని కేసీకి అనుమానం వచ్చింది. పైకి చెబితే తోటివాళ్లు కొట్టిపారేశారు. మంటలు ఆర్పేవాడు మంట పెడతాడంటే ఎవరు నమ్ముతారు? 1991లో ఆ వేలిముద్ర ఎవరిదో తేలింది. గ్లెండేల్ అగ్నిమాపక శాఖలో కెప్టెన్‌గా, అగ్నిప్రమాదాల దర్యాప్తులో దిట్టగా పేరున్న జాన్ ఓర్‌ది.

ఓర్ ఇంట్లో ఒక నవల రాతప్రతి దొరికింది. దాని పేరు ‘పాయింట్స్ ఆఫ్ ఆరిజిన్’. అందులో నిప్పు పెట్టేవాడు కూడా ఒక అగ్నిమాపక ఉద్యోగే. కథలో ఒక హార్డ్‌వేర్ దుకాణం తగలబడి పసివాడు చనిపోతాడు. 1984 అక్టోబర్ 10న సౌత్ పసడీనాలో అలాంటి దుకాణమే కాలిపోయి, రెండేళ్లు దాటిన చిన్నవాడితో సహా నలుగురు చనిపోయారు. మొదట అధికారులు విద్యుత్ లోపమే కారణమని తేల్చారు. కాదు, ఎవరో కావాలని పెట్టిన మంటేనని అప్పట్లో పట్టుబట్టి వాదించినవాడు ఓర్. 1992లో ఫెడరల్ కోర్టు అతడికి నిప్పు పెట్టిన నేరం కింద 30 ఏళ్ల శిక్ష వేసింది. 1998లో నలుగురి హత్య కేసులో పెరోల్ లేని యావజ్జీవం పడింది.

పత్రికలు అతడికి వెంటనే ఒక పేరు తగిలించాయి. పైరోమేనియాక్. నిప్పు పెట్టకుండా ఉండలేని పిచ్చి పట్టినవాడని దాని అర్థం. మన దగ్గర కూడా బైకులు, గుడిసెలు వరసగా తగలబడితే ‘ఉన్మాది’, ‘సైకో’ అనే మాటలు టీవీ తెర మీద క్షణాల్లో పరుగెడతాయి. కానీ వైద్యులు ఈ మాటను వాడే తీరు వేరు. వాళ్ల లెక్కలో పైరోమేనియా చాలా ఇరుకైన పదం, చాలా అరుదైన రోగం. నిప్పు పెట్టేవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఆ పేరు వర్తించదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో తెలిస్తే ఈ తేడా ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

పారిస్‌లో పుట్టిన గ్రీకు మాట

‘పిర్’ అంటే గ్రీకులో నిప్పు. ఈ ముక్క మనకు కొత్తేమీ కాదు. జ్వరం తగ్గించే మందులను డాక్టర్లు యాంటీపైరెటిక్ అంటారు. బాణసంచా తయారీ విద్యను పైరోటెక్నిక్స్ అంటారు. ఉక్కుతో కొడితే నిప్పురవ్వలు రాల్చే రాయి పేరు పైరైట్. ఇంగ్లిష్ ‘ఫైర్’ కూడా ఈ పిర్‌కు చుట్టమే. మన ‘అగ్ని’ది మరో వంశం. అగ్ని, లాటిన్ ‘ఇగ్నిస్’ ఒకే మూలం నుంచి వచ్చాయి. బండి తాళం తిప్పి ‘ఇగ్నిషన్’ ఆన్ చేసేటప్పుడు మనం పలికేది ఆ లాటిన్ మాటనే.

ఇక ‘మేనియా’ గ్రీకులో పిచ్చి, ఆవేశం. తలచడం, ఆలోచించడం అనే అర్థమున్న అతి ప్రాచీన ధాతువు నుంచి ఇది వచ్చిందని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. సంస్కృతం ద్వారా మనకు అందిన మనస్సు, మతి కూడా ఆ ధాతువు పిల్లలే.

ముక్కలు రెండూ గ్రీకువే అయినా, వాటిని కలిపి ఒక రోగానికి పేరుగా పెట్టింది 19వ శతాబ్దపు పారిస్ వైద్యలోకం. షార్ల్ క్రెత్యాఁ ఆన్రీ మార్క్ అనే వైద్యుడు 1833లో న్యాయ వైద్య పత్రికలో ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌కు వైద్యుడిగా పనిచేసినవాడు ఇతడే. మనిషి మిగతా విషయాల్లో బాగానే ఉంటాడు, ఒక్క నిప్పు పెట్టే కోరిక మాత్రం అతణ్ని లొంగదీసుకుంటుంది అనేది మార్క్ వాదన. ఈ స్థితిని నిప్పు పెట్టే ఏకోన్మాదం అని వర్ణించి, పొట్టిగా ‘పైరోమానీ’ అన్నాడు. ఆ ఫ్రెంచి మాట కొద్ది ఏళ్లలోనే ఇంగ్లిష్‌లోకి చేరింది.

ఏకోన్మాదం అనే ఊహ మార్క్ సొంతం కాదు. అతడి సమకాలికుడు, మానసిక వైద్యంలో మహామహుడు ఎస్కిరోల్ అప్పటికే ‘మోనోమానీ’ అనే పదాన్ని చలామణిలోకి తెచ్చాడు. అక్కర లేకపోయినా దొంగిలించే క్లెప్టోమేనియా కూడా ఆ కాలపు మాటే. అప్పటి ఫ్రెంచి కోర్టుల్లో ఈ పేర్ల మీద పెద్ద యుద్ధమే నడిచింది. 1825లో పారిస్‌లో ఆన్రియెట్ కోర్నియె అనే పనిమనిషి ఏ కారణమూ లేకుండా పొరుగింటి పసిబిడ్డను చంపింది. ఆమె మనసు స్థిరంగా లేదని వాదిస్తూ అభిప్రాయం రాసిన వైద్యుల్లో మార్క్ ఒకడు. కారణం కనబడని నేరాన్ని ఏమనాలి? ఉరికంబం ఎక్కించాలా, ఆసుపత్రికి పంపాలా? పైరోమేనియా అనే మాట ఈ ప్రశ్న నడుమనే పుట్టింది. వైద్యుడి గదికీ కోర్టు బోనుకీ మధ్యలో పుట్టిన పదం కావడం వల్ల ఈనాటికీ అది ఆ రెండు చోట్లా నలుగుతూనే ఉంది.

ఇల్లు కాలితే ఇంటికి పంపిస్తారని

మార్క్ ముందు పెట్టుకున్న ఉదాహరణల్లో చాలా వరకు జర్మన్ దేశాల నుంచి వచ్చినవి. పన్నెండేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు ఆడపిల్లలు యజమానుల ఇళ్లకూ కొట్టాలకూ నిప్పు పెట్టిన కేసులు అక్కడ వరసగా వచ్చాయి. అప్పటి చట్టంలో నిప్పు పెడితే మరణదండన. ముక్కుపచ్చలారని పిల్లలను చంపడానికి మనసొప్పని న్యాయమూర్తులు వైద్యులను పిలిచారు. వైద్యులేమో యుక్తవయసులో శరీరంలో వచ్చే మార్పుల వల్ల, రుతుక్రమం ఆలస్యం కావడం వల్ల నిప్పు మీద మోజు పుడుతుందని సిద్ధాంతాలు కట్టారు. దానికి ‘నిప్పు పెట్టే ప్రేరేపణ’ అని జర్మన్‌లో ఒక పేరూ పెట్టారు.

బెర్లిన్ న్యాయ వైద్యుడు యోహాన్ లుడ్విగ్ కాస్పర్ ఈ సిద్ధాంతం మీద విరుచుకుపడ్డాడు. 1846లో రాసిన వ్యాసంలో ఆ ప్రేరేపణ అనేదే ఒక దయ్యం లాంటిదని, ఉందని అందరూ చెప్పుకోవడమే తప్ప చూసినవాడు లేడని వాదించాడు. ఒక్కో కేసునూ తవ్వి చూస్తే మామూలు కారణాలే దొరుకుతాయన్నాడు. యజమాని కొట్టాడన్న కోపం ఒకచోట, పని తప్పించుకోవాలన్న ఆశ మరోచోట, ఇంటి మీద బెంగ ఇంకోచోట.

ఆ ఇంటి బెంగనే అరవై ఏళ్లు దాటాక ఒక యువ వైద్యుడు తన పరిశోధనకు విషయంగా ఎంచుకున్నాడు. తర్వాతి కాలంలో తత్వవేత్తగా ప్రపంచప్రసిద్ధి పొందిన కార్ల్ యాస్పర్స్ 1909లో హైడెల్‌బర్గ్‌లో సమర్పించిన సిద్ధాంతగ్రంథం పేరు ‘ఇంటిబెంగ, నేరం’. పల్లె నుంచి మొదటిసారి బయటికొచ్చి, పరాయి ఇంట్లో పసిపిల్లల్ని ఎత్తుకునే పనికి కుదిరిన బాలికల కేసులను అందులో పరిశీలించాడు. పగలంతా చాకిరీ, రాత్రంతా ఏడుపు. ఇంటికి పంపమంటే తల్లిదండ్రులు వద్దంటారు, యజమాని కసురుతాడు. ఈ ఇల్లే లేకపోతే నన్ను పంపించేస్తారు కదా అని ఆ పిల్ల బుర్రకు తోస్తుంది. పొయ్యిలో నిప్పు ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. కొందరు నిప్పు పెట్టారు, కొందరు చేతిలో ఉన్న బిడ్డనే చంపారు. ఆ పిల్లలను నిప్పు పిచ్చివాళ్లని కొట్టిపారేస్తే వాళ్ల దుఃఖాన్ని అడిగేవాళ్లు ఉండరు.

ఇప్పటి వైద్యులు ఏమంటారు?

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పదం లేస్తూ పడుతూ నడిచింది. ఫ్రాయిడ్ 1932లో నిప్పును అదుపు చేయడం గురించి రాసిన వ్యాసంలో, మూత్రంతో మంటను ఆర్పాలన్న ఆదిమ కోరికను అణచుకోవడం వల్లే మనిషి నిప్పును దక్కించుకున్నాడని ఊహించాడు. 1963లో మెక్‌డొనాల్డ్ అనే మానసిక వైద్యుడు పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువులను హింసించడం అనే మూడూ కలిసి ఉంటే హింసకు సూచన కావచ్చన్నాడు. సినిమాలూ నవలలూ ఈ మూడింటినీ ఎంతగానో వాడుకున్నాయి. తర్వాతి పరిశోధనలు మాత్రం దానికి గట్టి ఆధారం ఇవ్వలేదు. పక్క తడిపే పిల్లవాణ్ని చూసి భయపడాల్సిన పనే లేదు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం మానసిక రుగ్మతలకు ఒక నిర్ధారణ గ్రంథం ప్రచురిస్తుంది. దాన్ని డీఎస్ఎం అంటారు. 1952 నాటి మొదటి కూర్పులో పైరోమేనియా ఉంది. 1968లో తీసేశారు. 1980లో మళ్లీ చేర్చారు. 2013 నాటి ఐదో కూర్పులో కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో 2022 నుంచి అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పు కూడా దీన్ని కోరికను అదుపు చేసుకోలేని రుగ్మతల కింద ఉంచింది.

నిర్ధారణకు పెట్టిన షరతులు చాలా గట్టివి. కావాలనే, ఒకటికి మించిన సార్లు నిప్పు పెట్టి ఉండాలి. పెట్టేముందు మనసులో ఉద్వేగమో ఉద్రేకమో పెరగాలి. మంట మీద, మంటకు సంబంధించిన ప్రతిదాని మీదా విపరీతమైన ఆకర్షణ ఉండాలి. నిప్పు పెట్టినప్పుడో, అది రగలడం చూసినప్పుడో సుఖం కలగాలి, లేదా గుండె బరువు దిగినట్టుండాలి. ఇవన్నీ ఉన్నా సరిపోదు. డబ్బు కోసం, రాజకీయం కోసం, మరో నేరాన్ని దాచడం కోసం, పగతో, కోపంతో పెట్టి ఉండకూడదు. భ్రమల వల్ల, చెవిలో వినబడే గొంతుల వల్ల, మత్తు వల్ల, బుద్ధిమాంద్యం వల్ల జరిగి ఉండకూడదు. ప్రవర్తన సంబంధమైన ఇతర రుగ్మతలతో వివరించగలిగినా ఈ పేరు పెట్టకూడదు.

ఈ రుగ్మత ఉన్నవాళ్లు ఊళ్లో ఎక్కడ మంట లేచినా చూడటానికి వెళతారని, ఉత్తుత్తి అలారాలు మోగిస్తారని, అగ్నిమాపక కేంద్రాల చుట్టూ తిరుగుతారని, కొందరు ఆ ఉద్యోగంలోనే చేరతారని కూడా ఆ గ్రంథం చెబుతుంది. అందులోనే మరో సంగతి ఉంది. వీళ్లు నిప్పు పెట్టడానికి ముందుగానే చాలా ఏర్పాట్లు చేసుకోవచ్చు. కాబట్టి చివరి నిమిషంలో పుట్టిన తిక్కతో మాత్రమే జరిగే పని కాదిది. ఇవి చదివితే జాన్ ఓర్ గుర్తుకు రాకమానడు. కానీ తన నేర్పు చూపించుకోవాలన్న అహం, నవల రాసి పేరు తెచ్చుకోవాలన్న ఆశ, ఇవన్నీ అతడి కథలో ఎంతెంత పాలున్నాయో బయటినుంచి తేల్చలేం. హత్యల కేసులో అతడు నేరం ఒప్పుకోలేదు. కోర్టు తీర్పు నేరానికి సంబంధించినది. రోగం పేరు పెట్టింది పత్రికలు.

లెక్కలు చెప్పే నిజం

1951లో లూయిస్, యార్నెల్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు నిప్పు పెట్టినవాళ్ల రికార్డులు దాదాపు 2,000 తిరగేశారు. వాళ్ల లెక్కలో వయోజన మగవాళ్లలో సుమారు 40 శాతం మంది పైరోమేనియాక్‌లే. కారణం చెప్పలేని ప్రతివాణ్నీ అదే గాటన కట్టడం వల్ల అంత పెద్ద సంఖ్య వచ్చింది. షరతులు బిగించాక అంకెలు కుప్పకూలాయి. 1982లో నిప్పు పెట్టిన నేరం మీద ఆసుపత్రిలో ఉన్న 26 మందిని పరీక్షిస్తే ఒక్కరికీ ఈ రుగ్మత లేదు. 1999లో 283 కేసులు చూస్తే దొరికింది ముగ్గురు.

అన్నిటికన్నా కళ్లు తెరిపించేది ఫిన్లాండ్ పరిశోధన. 1973 నుంచి 1993 దాకా కోర్టు ఆదేశాల మీద మానసిక పరీక్షకు వచ్చినవాళ్లలో మళ్లీ మళ్లీ నిప్పు పెట్టిన 90 మంది మగవాళ్లను ఎంచుకున్నారు. పైరోమేనియా ఎక్కడైనా దొరకాలంటే ఇలాంటివాళ్లలోనే దొరకాలి. 2005లో ఫలితాలు ప్రచురించారు. లక్షణాలు సరిపోయినవాళ్లు 12 మంది. అందులో 9 మంది నిప్పు పెట్టిన వేళ తప్పతాగి ఉన్నారు. వాళ్లను తీసేస్తే మిగిలింది ముగ్గురే. మిగతావాళ్లలో చాలామందికి మద్యం వ్యసనమో, తీవ్రమైన మానసిక జబ్బో, వ్యక్తిత్వ సమస్యో ఉంది. వాళ్లకు కావలసిన చికిత్స వేరు.

కారణాలు ఒక్క పేరులో ఇమడవు

చరిత్రలో పేరుకెక్కిన అగ్నికాండలను ఈ గీటురాయి మీద పెట్టి చూడవచ్చు. క్రీ.పూ. 356లో ఎఫిసస్‌లోని ఆర్టెమిస్ దేవాలయాన్ని హెరోస్ట్రాటస్ తగలబెట్టాడు. ప్రపంచ వింతల్లో ఒకటైన గుడిని కాల్చి తన పేరు శాశ్వతం చేసుకోవాలన్నది అతడి కోరిక. ఆ పేరు ఎవరూ పలకకూడదని ఎఫిసస్ వాసులు నిషేధం పెట్టినా చరిత్రకారుడు థియోపాంపస్ రాసి ఉంచాడు. ఇది కీర్తికండూతి.

1829 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ చర్చికి జొనాథన్ మార్టిన్ నిప్పు పెట్టాడు. దేవుడు తనకు కలల్లో ఆదేశించాడని అతడు నమ్మాడు. కోర్టు అతణ్ని మతిస్థిమితం లేనివాడిగా తేల్చి ఆసుపత్రికి పంపింది. ఇది భ్రాంతి. 2008 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఆరు శతాబ్దాల నాటి నామ్‌దేమున్ ద్వారం కాలిపోయింది. నిప్పు పెట్టిన వృద్ధుడికి తన భూమికి ఇచ్చిన పరిహారం చాలలేదన్న కక్ష ఉంది. 1950లో జపాన్‌లోని క్యోటోలో బంగారు మంటపానికి నిప్పు పెట్టిన యువ సన్యాసి కథ ఇంకా చిక్కుముడి. దాన్ని యుకియో మిషిమా నవలగా మలిచాడు. ఆ సన్యాసికి తర్వాత తీవ్రమైన మానసిక రోగం ఉన్నట్టు వైద్యులు గుర్తించారు.

మనకు దగ్గర్లో 2023లో తిరుపతి జిల్లా చంద్రగిరి మండలంలోని ఒక పల్లె వారాల తరబడి నిద్రపోలేదు. ఇంట్లో బట్టలు, గడ్డివాములు ఉన్నట్టుండి అంటుకునేవి. చేతబడి అన్నారు, పూజలు చేయించారు. చివరికి పోలీసులు చెప్పింది వేరే. వాటిలో పలు మంటలు ఆ ఊరికి చెందిన ఒక యువతి పెట్టినవేనని, తన కుటుంబం ఊరు విడిచి వెళ్లిపోవాలన్న కోరికే కారణమని తేల్చారు. దయ్యమూ లేదు, నిప్పు పిచ్చీ లేదు. యాస్పర్స్ రాసిన జర్మన్ పనిపిల్లల వ్యథకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఒకరు ఇంటికి వెళ్లాలని, ఒకరు ఊరి నుంచి వెళ్లాలని. నోరు తెరిచి అడగలేనిదాన్ని నిప్పు చేత అడిగించారు.

మన పల్లెల్లో గడ్డివాములు తగలబడ్డ కేసులను కదిపితే చాలా చోట్ల గట్టు తగాదాలో పాత పగలో బయటపడతాయి. పట్నంలో గోదాము కాలితే బీమా కాగితాలు చూడాలి. ప్రతిదానికీ ‘ఉన్మాది పని’ అనేస్తే అసలు నేరస్థుడు ఆ మాట చాటున తప్పించుకుంటాడు. మరోవైపు మానసిక జబ్బుతో బాధపడే అమాయకులందరి మీదా అనుమానపు నీడ పడుతుంది.

లోపల ఏం జరుగుతుంది?

అరుదైనదైనా ఈ రుగ్మత ఉన్నది నిజం. దాని బాధా నిజం. అమెరికాలోని మిన్నెసోటాలో గ్రాంట్, కిమ్ అనే మానసిక వైద్యులు 2007లో ఇలాంటి 21 మంది అనుభవాలను ప్రచురించారు. సగటున 18 ఏళ్ల వయసులో మొదలైంది. ఒత్తిడి, విసుగు, ఒంటరితనం వచ్చినప్పుడు కోరిక తన్నుకొస్తుంది. నిప్పు రాజుకోగానే ఒక ఊపు. తర్వాత చాలామందిని సిగ్గు, అపరాధభావం తినేస్తాయి. వీళ్లు పెట్టిన మంటల్లో ఎక్కువ భాగం చెత్తకుండీల్లో, ఖాళీ స్థలాల్లో, స్నానాల గదుల్లో పెట్టినవే. చట్టం దృష్టిలో నేరం దాకా వెళ్లనివి చాలా ఉన్నాయి. అందుకే వీళ్లలో పలువురు ఏ జైలు లెక్కకూ చిక్కరు. ఎవరికీ చెప్పుకోరు. చాలామందికి డిప్రెషన్ వంటి జబ్బులు కూడా తోడై ఉన్నాయి.

ఈ రుగ్మతకని ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. తోడుగా ఉన్న డిప్రెషన్, వ్యసనం వంటివాటికి చికిత్స చేస్తూ, ఆలోచననూ నడవడినీ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఇస్తారు. కోరిక ఏ గడియలో, ఏ సందర్భంలో పుడుతుందో రోగి చేత గుర్తింపజేసి, ఆ గడియ దాటడానికి వేరే దారులు నేర్పిస్తారు. బ్రిటన్‌లోని కెంట్ విశ్వవిద్యాలయంలో థెరెసా గానన్ బృందం నిప్పు పెట్టి జైళ్లలో ఉన్నవాళ్ల కోసం ప్రత్యేక చికిత్సా కార్యక్రమమే రూపొందించింది. ఒక్కొక్కరిని నిప్పు వైపు నడిపిన దారి వేరువేరు అన్న అవగాహనే దానికి పునాది. నిప్పు మీద మోజు ఒకడిదైతే, పగ మరొకడిది. బాధను బయటపెట్టే మరో భాష తెలియనివాడు ఇంకొకడు.

చట్టం ఏమంటుంది?

భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని 326వ సెక్షన్ ప్రకారం ఇల్లు లేదా ప్రార్థనాస్థలం తగలబెట్టాలని నిప్పు పెడితే యావజ్జీవం గానీ పదేళ్ల దాకా జైలు గానీ పడుతుంది. పాత శిక్షాస్మృతిలో ఇదే 436వ సెక్షన్‌గా ఉండేది. మతిస్థిమితం లేనివారికి రక్షణ ఇచ్చే పాత 84వ సెక్షన్ ఇప్పుడు 22వ సెక్షన్ అయింది.

అయితే పైరోమేనియా అన్న డాక్టరు చీటీ ఒక్కటే ఆ రక్షణ ఇవ్వదు. చేస్తున్న పని ఏమిటో గానీ, అది తప్పని గానీ తెలుసుకునే శక్తి ఆ క్షణంలో లేకపోయిందని నిరూపించాలి. వైద్యం చెప్పే మతిభ్రమణం వేరు, చట్టం ఒప్పుకునే మతిభ్రమణం వేరని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. ఆపుకోలేని కోరిక వచ్చింది అన్న వాదన ఒక్కటే మన చట్టంలో నిలవదు. నిప్పు పెట్టినవాడు సాధారణంగా ఎవరూ చూడకుండా పెడతాడు, తర్వాత తప్పుకుంటాడు. అంటే తప్పని తెలుసు. మార్క్ 1833లో లేవనెత్తిన ప్రశ్నకు మన కోర్టుల జవాబు ఇది. శిక్ష వేసేటప్పుడు రోగాన్ని పరిగణించవచ్చు గానీ, రోగం పేరు చెప్పి నేరాన్ని చెరిపేయలేరు.

అగ్గిపెట్టె చిన్నవాడి చేతికి చిక్కితే

పసివయసులో నిప్పంటే ఆసక్తి ఉండటం రోగం కాదు. భోగి మంటలో పిడక వేయడానికి పోటీ పడని పిల్లలు ఏ వీధిలో ఉన్నారు? కాకరపువ్వొత్తి వెలుగు చూసి మురవనివాళ్లు ఎవరు? లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మానవ శాస్త్రవేత్త డేనియల్ ఫెస్లర్ 2006లో ఒక ఆలోచన ముందుకు తెచ్చాడు. రోజూ కట్టెలపొయ్యి దగ్గర పెద్దలతో కూర్చునే సమాజాల్లో పిల్లలు చిన్న వయసులోనే నిప్పును వాడటం నేర్చేసుకుంటారు. ఏడేళ్లు వచ్చేసరికి మోజు తీరిపోతుంది. నిప్పు కంటికి కనబడకుండా దాచేసే ఆధునిక ఇళ్లలో ఆ మోజు పెద్దయ్యేదాకా మిగిలిపోతుందని అతడి వాదన. మన ఊళ్లలో కట్టెలపొయ్యి పోయి గ్యాసు, ఇండక్షన్ వచ్చిన ఈ కాలంలో ఆలోచించాల్సిన మాటే.

నిప్పుతో ఆడే పిల్లల్లో పైరోమేనియా అసలే అరుదు. కుతూహలం, తోటివాళ్ల పందెం, ఇంట్లో కొట్లాటలు, బడిలో వేధింపులు, ఏకాగ్రత లోపం వంటివే ఎక్కువగా కనిపిస్తాయి. చేతికి అందకుండా ఉంచడం కూడా ఎంతో పనిచేస్తుంది. అమెరికాలో 1994 నుంచి పసిపిల్లలు వెలిగించలేని విధంగా లైటర్లు తయారు చేయాలని నియమం పెట్టారు. ఐదేళ్ల లోపు పిల్లలు లైటర్లతో ఆడటం వల్ల జరిగే అగ్నిప్రమాదాలు ఆ తర్వాత సగానికి పైగా తగ్గాయి.

మీ ఇంట్లో బిడ్డ ఒకసారి అగ్గిపుల్ల గీస్తే నిప్పు ఏం చేస్తుందో దగ్గర కూర్చోబెట్టి చెప్పండి. దాచిదాచి మళ్లీ మళ్లీ గీస్తుంటే, దుప్పటి అంచులు, పుస్తకాలు కాలినట్టు కనబడుతుంటే చేతి మీద వాత పెట్టకండి. బుద్ధి వస్తుందని మన పెద్దలు పెట్టిన వాతలు మచ్చలనే మిగిల్చాయి. ఏం బాధగా ఉందని అడగండి. పిల్లల మానసిక వైద్యుడికి చూపించండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. దూరమైతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నిప్పు పెట్టాలన్న కోరికతో ఎవరికీ చెప్పుకోలేక సతమతమవుతున్న పెద్దవాళ్లకు కూడా నంబరు అదే.